ఇసబెలా దీవిలో ఒక రోజు: పొద్దున డైవింగ్, సాయంత్రం ఇగ్వానాలు, రేపు అగ్నిపర్వతం (గలాపగోస్)

కాకినాడ కుర్రాడు | రాత్రి 8:10, ఇక్కడి టైము

అందరికీ నమస్కారం. ఫోన్లో కొడుతున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకుపోండి. పోయినేడాది ఇదే వేదికలో గలాపగోస్ (పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశపు దీవులు) గురించి అడిగితే ముగ్గురు నలుగురు ఓపిగ్గా చెప్పారు. ఆ బాకీ తీర్చుకుందామని, మర్చిపోకముందే ఇవాళ్టి సంగతి ఇవాళే రాసేస్తున్నా.

నేనూ, మా ఆవిడా హ్యూస్టన్ నుంచి వచ్చాం. ఇప్పుడు ఇసబెలా దీవిలో ప్యుయెర్టో వియమీల్ అనే ఊళ్ళో ఉన్నాం. ఇసుక వీధులు, పది అడుగులకొక కుక్క, రేవులో బెంచీల మీద సీ లయన్లు. నిజంగానే బెంచీల మీద! మనుషులు నిలబడి ఉంటారు, అవి పడుకుని గురక పెడుతుంటాయి. లేపడానికి వీల్లేదు, ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరం పాటించాలని ఇక్కడి నేషనల్ పార్కు నియమం. ఆ సంగతి సీ లయన్లకు తెలియదు, వచ్చి మన బ్యాగు మీద తల పెట్టేస్తాయి.

పొద్దున డైవింగ్ టోర్టుగా అనే చిన్న దీవి దగ్గర. ఊరి నుంచి బోటులో అరగంట పైనే. డైవ్‌మాస్టర్ పలక మీద బొమ్మ గీసి చూపించాడు, అచ్చం నెలవంక. సముద్రంలో మునిగిన అగ్నిపర్వతం నోటి అంచు అది. ఒక వైపు కూలిపోయి సముద్రం లోపలికొచ్చింది, మిగిలిన వైపు నీళ్ళ మీద వంకీలా నిలబడింది. పైన ఫ్రిగేట్ పక్షులు తిరుగుతున్నాయి. అలలు గట్టిగా ఉండి బయల్దేరడమే ఆలస్యమైంది.

నీళ్ళు 19 డిగ్రీలు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ కింద ఉన్నాం, అయినా దిగగానే పళ్ళు టకటకలాడాయి. 7 మిల్లీమీటర్ల సూటు, తలకు హుడ్, చేతులకు గ్లౌజులు. గ్లౌజులు చలికే కాదు. ఇక్కడ ఈత కొడుతూ తిరగడం తక్కువ, ప్రవాహంలో రాయిని పట్టుకుని కూర్చుని ఎదురుచూడడం ఎక్కువ. రాళ్ళ నిండా గవ్వపురుగులు (బార్నకిల్స్), ఒట్టి చేత్తో పట్టుకుంటే కోసుకుపోతుంది.

18 మీటర్ల లోతులో రాయి పట్టుకుని కూర్చున్నాం. తాబేళ్ళు నాలుగు. మచ్చల టేకు చేపలు ఒక వరస కట్టి మా తలల మీదుగా వెళ్ళాయి, రెక్కలాడిస్తూ, పెళ్ళిపందిట్లో విసనకర్రల్లా. గలాపగోస్ షార్కు ఒకటి దూరంగా. హామర్‌హెడ్లు (సుత్తితల సొరలు) మాత్రం లేవు. అసలు వచ్చిందే వాటి కోసం.

ఇప్పుడు నా పరువు తీసే భాగం. ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా పోవడానికి, పైకొచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా. నేను 7 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి శరీరం దానంతటదే లేచిపోతోంది. తేలడానికి గాలి నింపుకునే జాకెట్లో గాలి మొత్తం వదిలేశా, తలకిందులై కాళ్ళు తన్నా, ఏం చేసినా ఆగలేదు. కిందకి చూస్తూ చూస్తూనే బుడుంగున తేలిపోయా. మునగడానికి నడుముకు కట్టుకునే వెయిట్లు సరిపోలేదు. ఫ్లోరిడాలో పల్చటి సూటుకు 5 కిలోలు వేసుకునేవాణ్ణి, ఇక్కడ 8 ఇచ్చారు, చాల్లే అనుకున్నా. దిగేముందు తేలి చూసుకోవాల్సింది, అలల్లో బద్ధకించా.

నేను పైన బోటు నిచ్చెన పట్టుకుని ఊగుతుంటే, కింద ఆగిన ఆ మూడు నిమిషాల్లోనే మిగతావాళ్ళ కింద నుంచి హామర్‌హెడ్లు వెళ్ళాయట. ఏడు. మా ఆవిడ పైకొచ్చి మాస్కు తియ్యకుండానే వేళ్ళతో ఏడు చూపించింది.

రెండో డైవ్‌కి 2 కిలోలు ఎక్కువ వేసుకున్నా, శుభ్రంగా ఆగగలిగాను. మధ్యాహ్నం 12:50కి పైకొచ్చాం. హామర్‌హెడ్లు మళ్ళీ రాలేదు.

రెండున్నరకి తింతొరేరాస్ వెళ్ళాం, రేవు ఎదురుగానే ఉన్న చిన్న లావా దిబ్బ. నల్లటి లావా, కొడవలి నూరినట్టు పదును. ఆ లావా రంగులోనే వందల ఇగ్వానాలు, ఒకదాని మీద ఒకటి పడుకుని. మొదట రాళ్ళనుకున్నా. ఒక రాయి తుమ్మింది! ముక్కులోంచి ఉప్పునీళ్ళు చిమ్ముతాయి ఇవి. సముద్రంలో మునిగి నాచు తింటాయి, లోపలికి వెళ్ళిన ఉప్పును ముక్కు దగ్గరున్న గ్రంథులు బయటకు నెడతాయి. సముద్రంలో మేసే బల్లిజాతి ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. పక్కనే లావా చీలికలో మూరెడు లోతు నీళ్ళలో తెల్లకొన సొరలు పడుకుని ఉన్నాయి, గట్టు మీద నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. వాటి పేరే ఆ దిబ్బకు పెట్టారు. తిరిగొస్తుంటే రాయి మీద రెండు పెంగ్విన్లు, మోకాలెత్తు కూడా లేవు.

ఇది ఒక రోజులో. ఒళ్ళంతా ఉప్పు, ఎడమ భుజం పట్టేసింది, అయినా హాయిగా ఉంది. రేపు పొద్దున 6:30కి వ్యాను, సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం ఎక్కుతున్నాం. ప్రశ్నలుంటే అడగండి, నెట్ వచ్చినప్పుడు చెప్తాను.

మెంతికూర

చదువుతుంటేనే జలుబు చేసింది. పెంగ్విన్లు ఎండ దేశంలో ఎలా ఉంటాయి గురువుగారూ? ఇంకో ముఖ్యమైన ప్రశ్న: మేము శాకాహారులం, అక్కడ ఏం తిని బతకాలి?

నీటిబుడగ

కాకినాడ కుర్రాడు గారూ, మిగతావన్నీ తర్వాత. మూడు విషయాలు చెప్పండి, వెంటనే.

ఒకటి, మొదటి డైవ్‌లో తేలిపోయినప్పుడు ఊపిరి వదులుతూనే వచ్చారా, బిగబట్టారా? రెండు, ఆ భుజం నొప్పి ఎప్పుడు మొదలైంది, తిమ్మిరి ఉందా? మూడు, సియెర్రా నెగ్రా ఎత్తెంతో తెలుసా?

నేను డైవింగ్ నేర్పిస్తాను, ఇప్పుడు ఒమన్‌లో ఉన్నా. ఆ అగ్నిపర్వతం 1,124 మీటర్లు. మీరు 12:50కి పైకొచ్చారు, 6:30కి వ్యాను. అంటే 17 గంటల 40 నిమిషాలు. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలని నేర్పిస్తాం. ఆ లెక్క విమానం చక్రాలకు సంబంధించింది కాదు, గాలి ఒత్తిడికి సంబంధించింది. ఎత్తుకు వెళ్ళి ఒత్తిడి తగ్గితే, డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. లోపల ఒత్తిడి సుమారు 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉండే విమానాల కోసం వేసిన లెక్క అది. మీరు కాళ్ళతో ఎక్కినా, రెక్కలతో ఎక్కినా రక్తానికి ఒకటే.

గుడ్డిగుర్రం

అబ్బా, ఇరవై నిమిషాల కోసం ఇంత టెన్షన్ అవసరమా మేడమ్? బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. రోజూ లక్షలమంది వెళ్తున్నారు, ఎవరికేమయింది?

నీటిబుడగ

ఆ లక్షలమంది పొద్దున సముద్రం అడుగుకి వెళ్ళి రాలేదండీ.

అయినా మంచి ఉదాహరణే తెచ్చారు. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో పొద్దున రెండు డైవ్‌లు చేసి, సాయంత్రం బెంగళూరు కారెక్కే కుర్రాళ్ళను చూసి చూసి విసిగిపోయాను. వైజాగ్‌లోనూ అంతే, రుషికొండలో డైవ్, మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మీద అరకు. ‘ఫ్లైట్ లేదుగా మేడమ్’ అంటారు. కొండ కూడా పైకే ఉంటుంది బాబూ అంటే నవ్వుతారు.

ఇక ఆ 20 నిమిషాలు. 18 అనేది గీత కాదు, కనీసం. ఆయనది చల్లటి నీళ్ళు, ప్రవాహంలో శ్రమ, మొదటి డైవ్‌లో అదుపు తప్పి పైకి రావడం, ఇప్పుడు భుజం నొప్పి. ఇవన్నీ కలిసినప్పుడు గడియారం చూసి నిర్ణయించను.

డాక్టరమ్మ

నేను గుంటూరులో మత్తుమందు డాక్టర్ని, డైవింగ్ నాకు రాదు. కానీ ఒకటి చెప్తాను. కీలు దగ్గర కొత్తగా వచ్చిన నొప్పి కండరానిదా, రక్తంలో నైట్రోజన్ బుడగలదా అని చర్చా వేదికలో తేల్చే విషయం కాదు. నొక్కితే పెరుగుతోందా, కదిపితే పెరుగుతోందా అన్నది కొంత చెప్తుంది గానీ పూర్తిగా చెప్పదు. బాబూ, డైవింగ్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు మీద 24 గంటల ఫోన్ నంబరు ఉంటుంది, ఇప్పుడే చేయండి. డైవ్‌మాస్టర్‌కు చెప్పండి. ఊళ్ళో ఆరోగ్య కేంద్రం ఉంటే ఈ రాత్రే చూపించుకోండి. చేతుల్లో కాళ్ళల్లో తిమ్మిరి, తల తిరగడం, ఒంటికి మచ్చలు, తట్టుకోలేని నీరసం, వీటిలో ఏదున్నా ఒక్క నిమిషం ఆగొద్దు. నీళ్ళు బాగా తాగండి. బీరు కాదు.

మెంతికూర

అయ్యో, నేనేమో తిండి గురించి అడిగాను. అన్నా, ముందు ఫోన్ చెయ్యి.

పంగిడి రాళ్ళు

ఆయన జవాబు వచ్చేదాకా పెంగ్విన్ ప్రశ్నకు నేను చెప్తాను, లేకపోతే అందరం గడియారం చూస్తూ కూర్చుంటాం. రిటైరయిన సైన్సు మాస్టారిని, ఉపన్యాసం దంచితే క్షమించండి.

భూమధ్యరేఖ మీద నీళ్ళు చల్లగా ఉండడానికి కారణం ఎండ కాదు, అడుగు. పసిఫిక్ సముద్రంలో పైనీళ్ళ కింద ఒక ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు పరిగెడుతుంటుంది. టౌన్సెండ్ క్రామ్‌వెల్ అనే శాస్త్రవేత్త 1952లో గుర్తించాడు కాబట్టి క్రామ్‌వెల్ ప్రవాహం అంటారు. అది వేల కిలోమీటర్లు వచ్చి గలాపగోస్ పడమటి గోడకు గుద్దుకుంటుంది. ఎటూ పోలేక పైకి తన్నుకొస్తుంది. అడుగు నీళ్ళు చల్లన, వాటిలో ఎరువు సారం ఎక్కువ. నాచు, చిన్న చేపలు, వాటిని తినే పెంగ్విన్లు, అన్నీ ఆ తన్నుడు మీదే బతుకుతున్నాయి. దక్షిణం నుంచి హంబోల్ట్ చల్లటి ప్రవాహం కూడా తోడు. ఇసబెలా ఉత్తరపు కొస భూమధ్యరేఖను దాటుతుంది. రేఖకు ఉత్తరాన సహజంగా బతికే పెంగ్విన్ జాతి ఇదొక్కటే.

ఎల్‌నినో వస్తే ఈ తన్నుడు మందగిస్తుంది. 1982-83 ఎల్‌నినోలో అక్కడి పెంగ్విన్లలో దాదాపు 77 శాతం పోయాయి. ఇగ్వానాలకూ తిండి ఉండదు. వింత ఏమిటంటే, ఆ కరువులో అవి చిక్కిపోవడమే కాదు, పొడవు కూడా తగ్గుతాయి, మళ్ళీ నాచు మొలిచాక పెరుగుతాయి. మన దగ్గర అదే ఎల్‌నినో వానల్ని మింగుతుంది. ఒకే దొంగ, రెండిళ్ళు.

కాకినాడ కుర్రాడు | రాత్రి 11:35

అందరికీ ముందుగా దండం. రాత్రి పడుకోబోతూ ఫోన్ తెరిచి భయపడ్డాను, ఆవిడకు చూపిస్తే ఇంకా భయపడింది.

నీటిబుడగ గారూ, ఊపిరి వదులుతూనే వచ్చాను, శిక్షణలో మొదటి రోజు నేర్పిందే. నొప్పి రెండో డైవ్‌కి ముందే ఉంది, మొదటి డైవ్ తర్వాత అలల్లో బోటు నిచ్చెనకు వేలాడినప్పుడు మొదలైంది. తిమ్మిరి లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం. ఆవిడెవరో గానీ ఎంత నెమ్మదిగా మాట్లాడిందో! లోతులు, టైములు అన్నీ రాసుకుని, దగ్గర్లోని డాక్టరుకు చూపించమంది. డైవ్‌మాస్టర్ లుంగీలాంటిదేదో కట్టుకుని స్కూటర్ మీద వచ్చి మమ్మల్ని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరు కళ్ళు మూయించి ఒంటికాలి మీద నిలబెట్టాడు, గీత మీద నడిపించాడు, వేళ్ళతో ముక్కు తాకించాడు. బలం చూశాడు, గుండుసూదితో గుచ్చి స్పర్శ చూశాడు. తర్వాత భుజం మీద ఒక చోట నొక్కాడు, నేను అరిచిన అరుపుకు బయట కుక్క లేచింది. హెల్ప్‌లైన్‌ వాళ్ళతో ఆయనే మాట్లాడాడు. కండరం పట్టిందని ఇద్దరూ ఒకే మాట. కానీ రేపు కొండ వద్దు, ఒక రోజు చూసి చెప్పమన్నారు. వ్యాను ఎల్లుండికి మార్పించుకున్నాం.

భుజానికి నూనె రాస్తోంది మా ఆవిడ. తిడుతూ రాస్తోంది.

నీటిబుడగ

హమ్మయ్య. ఇప్పుడు తీరిగ్గా తిట్టొచ్చు.

మొత్తం ఎన్ని డైవ్‌లు మీవి? అక్కడికి వెళ్ళేముందు చల్లటి నీళ్ళలో ఒక్కసారైనా దిగారా? ఎందుకు తేలారో చెప్తాను, ఇంకొకరికి పనికొస్తుంది. 7 మిల్లీమీటర్ల రబ్బరు సూటు నిండా చిన్న చిన్న గాలి గదులు. లోతులో అవి నలిగిపోతాయి కాబట్టి బరువు చాలినట్టే ఉంటుంది. పైకొచ్చేకొద్దీ ఉబ్బుతాయి. దానికి తోడు అల్యూమినియం టాంకు. దిగేటప్పుడు అందులో రెండు కిలోల పైనే గాలి ఉంటుంది, ఆఖరికి అది మీరు పీల్చేసి ఉంటారు. మీ నడుము మీద నుంచి రెండు కిలోలు ఎవరో తీసేసినట్టు. అందుకే సరిగ్గా 7, 5 మీటర్ల మధ్య పుట్టి మునగదు, తేలుతుంది. వెయిట్లు చూసుకోవాల్సింది నిండు టాంకుతో కాదు, ఖాళీ అవుతున్న టాంకుతో. నిండు టాంకుతో చూసుకుంటే ఆ రెండు కిలోలు అదనంగా కలపాలి. మీరు రెండో డైవ్‌కి కలిపారే, సరిగ్గా అదే లెక్క.

కాకినాడ కుర్రాడు

14 డైవ్‌లు. అన్నీ వెచ్చటి నీళ్ళలోనే. తిట్టండి, పర్లేదు.

నీటిబుడగ

14! టోర్టుగాలో ఆ ప్రవాహానికి కనీసం 50 ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. నిన్ను దించినవాళ్ళను కూడా అడగాలనుంది, కానీ లాగ్‌బుక్‌లో ఉన్న అంకె చూసుకోవాల్సింది నువ్వే. (తిట్టేటప్పుడు గారు రాదు, ఏమనుకోకు.) కొత్తవాళ్ళకు ఇసబెలాలో ఊపిరి గొట్టంతో (స్నార్కెల్) ఈదితే చాలు, నిజంగా చాలు. రేవు పక్కనే కొంచా దె పెర్లా ఉంది, మడచెట్ల మధ్యలో చెక్క బాట మీద నడిచి వెళ్ళి దిగడమే. తాబేళ్ళు, సీ లయన్లు అక్కడే వస్తాయి. కాబో రోసాలో లావా సొరంగాలు కూలి వంతెనల్లా నిలిచినచోట సీహార్స్‌లు కూడా కనిపిస్తాయి. పైసా గాలి ఖర్చు లేదు.

గుడ్డిగుర్రం

సరే, నేను ఓడిపోయాను. కానీ ఇంత ఖర్చు పెట్టి అంత దూరం వెళ్ళి బల్లుల్ని చూడ్డం... మా పెరట్లో తొండలు తుమ్మవు గానీ ఉచితం. ఎంతయింది అసలు?

కాకినాడ కుర్రాడు

మీ ఇంటి తొండకు నా నమస్కారాలు.

పార్కు ప్రవేశ రుసుము పెద్దవాళ్ళకు 200 డాలర్లు. 2024 ఆగస్టు 1కి ముందు 100 ఉండేది, ఒకేసారి రెట్టింపు చేశారు. పైగా 20 డాలర్ల రాకపోకల కార్డు, ఇసబెలా రేవులో దిగగానే 10. నోట్లు దగ్గర పెట్టుకోండి. ఈక్వడార్‌లో 2000 నుంచి వాడుకలో ఉన్నది అమెరికన్ డాలరే, కాబట్టి మార్చుకునే గొడవ లేదు. సాంటా క్రూజ్ దీవి నుంచి ఇక్కడికి స్పీడ్‌బోటు రెండు గంటల పైనే. ఎక్కేముందు వాంతుల మాత్ర వేసుకోండి. నేను మగతనం చూపించుకుందామని వేసుకోలేదు. మీకు వివరాలు అనవసరం.

మెంతికూర గారూ, మీ ప్రశ్న బాకీ ఉంది. మెనెస్ట్రా అని ఉంటుంది, చిక్కటి పప్పుకూర, కందిపప్పు కాదు, పెసలో బొబ్బర్లో కావు, వాళ్ళ మసూరు. అన్నంతో పెడతారు. పక్కన పచ్చి అరటికాయ చెక్కలు నొక్కి వేయించినవి. ఉప్పు తప్ప కారం లేదు. మీరు కారప్పొడి తెచ్చుకుంటే స్వర్గమే. కానీ ఇక్కడొక సంగతి. నేను కరివేపాకు, చిన్న పొట్లం మెంతులు తెచ్చాను. విమానాశ్రయంలో సంచి తెరిచి రెండూ తీసేసుకున్నారు. బయటి నుంచి విత్తనాలు, తాజా ఆకులు, పళ్ళు రానివ్వరు. ఇక్కడి మొక్కలకు బయటి మొక్క ఒకటి పడితే చాలు, అల్లుకుపోతుందని వాళ్ళ భయం. నిజమే కూడా. మా ఆవిడ మాత్రం ‘కరివేపాకును తీసేసినట్టు తీసేశారు’ అని నవ్వింది.

పోర్ట్‌బ్లెయిర్ పిల్లోడు

బయటి మొక్క కాదు, బయటి మేక గురించి చెప్పాలి. ఇసబెలాలో ఒకప్పుడు తప్పించుకున్న మేకలు పెరిగి పెరిగి లక్షకు పైగా అయ్యాయి. కొండల మీద గడ్డీ గాదం తినేసి రాక్షస తాబేళ్ళకు నీడ లేకుండా చేశాయి. 1997లో ప్రాజెక్టు మొదలుపెట్టి 2006కల్లా ముగించారు, హెలికాప్టర్ల నుంచి కూడా కాల్చారు. ఆఖర్న మిగిలినవి దాక్కుంటే, పట్టిన మేకలకు రేడియో పట్టీ కట్టి వదిలారు. మేకకు మేక కావాలి, అది వెళ్ళి గుంపును వెతుక్కుంటుంది, వెనకాలే వీళ్ళు. వాటికి జూడాస్ మేకలు అని పేరు (ఏసును పట్టిచ్చిన శిష్యుడి పేరు). చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కానీ తాబేలు పక్షాన నిలబడితే వేరే దారి చెప్పలేను.

ఎందుకు చెప్తున్నానంటే, మా అండమాన్‌లో బారెన్ దీవి ఉంది. మన దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు. మనుషులు లేరు, ఎవరో ఎప్పుడో వదిలిన మేకలు మాత్రం ఉన్నాయి! 1991లో చాలాకాలం తర్వాత మళ్ళీ లేచింది. దీవి మీద దిగనివ్వరు. పడవలో రాత్రుళ్ళు ఉండి, చుట్టూ డైవ్ చేయించే ట్రిప్పులు ఉంటాయి. నల్లటి ఇసుక, నీళ్ళు అద్దంలా ఉంటాయి. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు ఇటు రండి, ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. నేనూ ఉన్నాను.

పంగిడి రాళ్ళు

పిల్లోడూ, మంచి మాట చెప్పావు. నా ఐడీ పేరు ఎవరూ అడగలేదు గానీ అడిగినట్టు భావించి చెప్తాను. రాజమండ్రి దగ్గర పంగిడి, కాతేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా లావాయే. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి దగ్గరికి వచ్చిందని పరిశోధకుల లెక్క. మా కుర్రాడి కాళ్ళ కిందా, కాతేరు లారీలోనూ ఉన్నది ఒకటే బసాల్టు.

గలాపగోస్‌లో ఆ పని ఇంకా జరుగుతోంది. భూమి లోపల లావా పుట్టే వేడి మచ్చ (హాట్‌స్పాట్) కదలదు, పైన భూఫలకం తూర్పుకు జరుగుతుంది. అందుకే తూర్పు దీవులు ముసలివి, పడమటి ఇసబెలా, ఫెర్నాండినా పసివి. ఆరు అగ్నిపర్వతాలు కలిసిపోతే ఏర్పడింది ఇసబెలా.

కాకినాడ కుర్రాడు | మూడో రోజు, సాయంత్రం

సియెర్రా నెగ్రా ఎక్కి దిగాం. భుజం బాగుంది. డైవ్ చేసి 41 గంటలు గడిచాక బయల్దేరాం, నీటిబుడగ గారు నిద్రపోవచ్చు.

మొదట గంటన్నర మంచు. గరువా అంటారు, వాన కాదు, తుంపర. ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ లేదు. ఇంత చేసి తెల్లటి గోడ చూస్తామా అనుకుంటుండగా, గైడు ఆగమని చెయ్యెత్తాడు. గాలి వీచింది. తెర లాగినట్టు మంచు పక్కకు జరిగి కింద గొయ్యి కనిపించింది. గొయ్యి అనకూడదు. అవతలి అంచు దాదాపు పది కిలోమీటర్ల దూరం. మా కాకినాడ ఊరు మొత్తం తెచ్చి అందులో పెట్టొచ్చేమో అనిపించింది. అడుగంతా నల్లగా గట్టిపడిన లావా, తారు రోడ్డు వేసి రోలరు మర్చిపోయినట్టు. 2005లో ఒకసారి, 2018లో ఒకసారి పేలింది.

ఆ అంచు వెంబడి నడిచి వోల్కాన్ చీకో దాకా వెళ్ళాం. రానూపోనూ దాదాపు 16 కిలోమీటర్లు. పచ్చటి ఫెర్న్ మొక్కల్లోంచి ఒక్క అడుగులో ఎర్రమట్టిలోకి, ఇంకో అడుగులో ఇనప్పెంకులాంటి లావాలోకి. ఒక పగుల్లో చెయ్యి పెట్టమన్నాడు గైడు. వెచ్చగా ఊపిరిలా తగిలింది. అక్కడి నుంచి చూస్తే ఫెర్నాండినా దీవి మబ్బు మీద తేలుతోంది. ఎగరలేని కార్మొరెంట్లు (నీటికాకులు) ఉండేది అటువైపే, ఊరి దగ్గర కనిపించవు, వాటి కోసం క్రూయిజ్ తీసుకోవాలి. పైన పెంగ్విన్ గురించి అడిగిన మెంతికూర గారు రేపు దాని గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నా.

మెంతికూర

అడగబోయాను. ఇప్పుడు వద్దు.

కుర్రాడి గృహలక్ష్మి | కొత్త సభ్యురాలు

నమస్తే అండి. మావారు రాసిందంతా కూర్చుని చదివాను, రాయడానికే ఐడీ తెరిచాను. చాలావరకు నిజమే. రెండు సవరణలు.

హామర్‌హెడ్లు ఏడు కాదు. ఏడు మొదట వచ్చినవి. నేను వేళ్ళు చూపించేటప్పుడు రెండో చేత్తో తాడు పట్టుకుని ఉన్నాను, అందుకే ఏడుతో ఆగిపోయాను. తర్వాత నాలుగు వచ్చాయి. మొత్తం పదకొండు. బోటెక్కాక చెప్పాను, అప్పటికే ఆయనకు బాధగా ఉంది, వినలేదు.

రెండోది, నీటిబుడగ గారూ, డాక్టరమ్మ గారూ, ఆ రాత్రి మీరు రాయకపోతే ఈయన పొద్దున్నే వ్యానెక్కేవారు. నాకూ తెలియలేదు, పదిహేడు గంటలవుతుందిగా చాల్లే అనుకున్నాను. వైజాగ్ వస్తే మా అమ్మ చేతి ఆవకాయ మీ ఇద్దరికీ చెరో జాడీ.

గుడ్డిగుర్రం

ఓడిపోయినవాడికి జాడీ లేదా అమ్మా?

నీటిబుడగ

గుర్రం గారికి నా జాడీలో సగం. ఒక షరతు, వైజాగ్‌లో డైవ్ చేసిన రోజు అరకు ఎక్కకూడదు. గృహలక్ష్మి గారూ, మీకెన్ని డైవ్‌లు?

కుర్రాడి గృహలక్ష్మి

పద్నాలుగే అండి. కానీ నేను తేలి చూసుకుని దిగాను.